రెండో గొలుసు

"దూరంగా ఉన్న మనిషి గురించి ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడతారా, మేడమ్?"

పొద్దున పదిన్నరకి స్టేషన్ మెట్ల మీద నిలబడి రుంగ్ వాళ్లక్క నన్నడిగిన ప్రశ్న ఇది. చెల్లెలు పోయి ఏడు రోజులైంది. ఆ మనిషి ఏడవడం లేదు, అరవడం లేదు, ఊరికే అడిగింది. ఇరవై ఆరేళ్ల పోలీసు సర్వీసులో జవాబు దొరకని ప్రశ్నలు నా ఒంటికి సరిపడవు. ల్యాబ్ రిపోర్టు ఇంకోసారి చదివి, పదకొండూ ఇరవైకల్లా యూనివర్సిటీ ధ్వని పరిశోధనశాలలో, చుతిమా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"రెండో గొలుసు ఏది?" అన్నాను.

చుతిమా ముఖం పాలిపోయింది. ముప్పై నాలుగేళ్ల పిల్ల, ఆ ల్యాబ్‌లో ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. అబద్ధం చెప్పాలన్నా నాలుక తిరగని రకం.

"ఏ రెండో గొలుసు, జిన్ అక్కా?"

"నాటకాలాడకు. మీ రిపోర్టులోనే ఉంది. 'రెండు గొలుసులూ ఒకే ఫలితానికి చేరాయి' అని. కింద నీ పేరు. మొదలు ఏడూ పన్నెండు, ముగింపు తొమ్మిదీ రెండు, సంతకం తొమ్మిదీ పది. ఒక గొలుసు నడవడానికి ఎంతసేపు పడుతుంది?"

"గంటా యాభై నిమిషాలు."

"మరి రెండోది ఎప్పుడు నడిచింది? మీ కంప్యూటర్ నడుస్తూ నడుస్తూ గర్భం దాల్చిందా?"

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని వేళ్లు నలుపుకుంటూ కూర్చుంది.

కేసు చెప్పాలంటే నాలుగు ముక్కలే. ఆనకట్ట పక్కన పంపు షెడ్డులో నీటి కొలతలు తీసే ఉద్యోగం రుంగ్‌ది. మేనేజర్ ఫైబున్‌తో వారం రోజులుగా గొడవ. పోయిన గురువారం మధ్యాహ్నం రెండూ పదిహేడుకి అక్కకి ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి పదకొండు సెకన్లు మాట్లాడింది, అక్క ఫోన్‌లో అది రికార్డయింది. నాలుగున్నరకి కాలవలో శవమై తేలింది. ఫోన్‌లో చివరగా అన్నది, "అక్కా, మేనేజరు..." అని, ఆ తర్వాత ఒకే ఒక్క మాట. క్లై.

మా భాషలో దూరానికీ, దగ్గరికీ పలుకు ఒకటే. క్లై. గొంతు సమంగా సాగితే దూరం. పైనుంచి కిందికి జారితే దగ్గర. మేనేజరు దూరంగా ఉంటే షెడ్డులో మిగిలేది పంపు నడిపే ఉదోమ్ ఒక్కడే. దగ్గరే ఉంటే, 'ఆ టైములో టౌన్ ఆఫీసులో ఉన్నాను' అన్న ఫైబున్ మాట అబద్ధం. సరిగ్గా ఆ మాట మీదే పంపు ఇంజను హోరు, ఆపైన సిగ్నల్ తెగడం. సెకనులో పదో వంతులు నాలుగు, అంతే పోయింది. ఆ నాలుగు వంతుల మీద ఒక మనిషి ప్రాణం వేలాడుతోంది.

ల్యాబ్ ఆ ముక్కని బాగుచేసి పంపింది. దూరం అంది. మా జిల్లా క్రైమ్ విభాగం ఇన్‌స్పెక్టర్ ప్రసిత్ దాన్ని లాకప్‌లో ఉదోమ్‌కి నాలుగుసార్లు వినిపించాడు. ఒంటిగంటా యాభైకి డీజిల్ కోసం వెళ్లి మూడూ పదికి తిరిగొచ్చానని అప్పటిదాకా మొత్తుకున్నవాడు, 'యంత్రమే చెప్తుంటే ఇంక నేనేం చెప్పను' అని ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసేశాడు. ఈరోజు మూడింటికి వాణ్ణి షెడ్డు దగ్గరికి తీసుకెళ్తారు. ఒప్పుకున్నవాడు పత్రికలవాళ్ల ముందు నేరాన్ని మళ్లీ చేసి చూపించడం మా దగ్గర మామూలే. వాడి నెత్తికి హెల్మెట్ పెట్టి మరీ తీసుకెళ్లడం కూడా మామూలే, ఎందుకంటే చచ్చినవాళ్ల బంధువులు ఉత్త చేతులతో రారు.

"కంప్యూటర్ లాగ్ తెరువు, ఏది ఎప్పుడు నడిచిందో చూద్దాం," అన్నాను.

"అక్కా, ఆచాన్ వచ్చాక..."

"తెరవమన్నాను."

ఆచాన్ అంటే మాస్టారు. మాస్టారు థవోన్. ఆయన గురించి ఇక్కడే చెప్పాలి. పోయిన ముక్కలో ఏముండి ఉంటుందో కంప్యూటర్ ఊహిస్తుంది, ఒకసారి కాదు, లక్ష సార్లు. ప్రతి ఊహా ముందటి ఊహ నుంచి ఒక చిన్న అడుగు. అందుకే దాన్ని గొలుసు అంటారు. ఊహలు ఎక్కడ కుప్పపడితే నిజం అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. చిక్కల్లా ఏమిటంటే, చీకటి గదిలో తడుముకుంటూ తిరిగేవాడు ఏ మూల మొదలుపెడితే ఆ మూలే పట్టుకుని ఉండిపోవచ్చు. అందుకని మొదటి ఐదువేల ఊహలు పారబోస్తారు. ఇంకో గొలుసుని ఎదుటి మూల నుంచి నడుపుతారు. రెండూ ఒకే చోటికి చేరితేనే నోరు విప్పాలి. ఈ నియమం గోడ మీద తన చేత్తో రాసి పెట్టింది ఆచాన్ థవోన్. పన్నెండేళ్ల కిందట, లెక్కలంటే పారిపోయే నాకు ఇదంతా ఓపిగ్గా నేర్పిందీ ఆయనే. మా ఆయన పోయినప్పుడు ఏడు రోజులూ మా ఇంట్లో కూర్చుని వచ్చినవాళ్లకి మంచినీళ్లు అందించింది కూడా ఆయనే. ల్యాబ్ రిపోర్టుల మీద పోలీసుల తరఫున కోర్టులో సాక్ష్యం చెప్పే పని నాది, ఆయన రిపోర్టు చదవకుండానే ప్రమాణం చేసేంత నమ్మకం నాకు.

లాగ్ తెరుచుకుంది. ఒక్కటే గొలుసు. మొదలు పెట్టిన చోటు: దూరం. లాగిన్: చుతిమా. సీడ్: 2507.

"బుధవారం ఏడూ పన్నెండుకి ఎక్కడున్నావ్?"

"మా పాపని బళ్లో దింపుతున్నా. ఎనిమిదీ యాభైకి గానీ గేటు దాటను. కావాలంటే గార్డుని అడగండి."

"అడిగే వచ్చాను. ఎనిమిదీ యాభై రెండు అన్నాడు. మరి నీ పేరుతో ఎవరు కూర్చున్నారు?"

ఆమె తెర వైపు తిరిగి మౌస్ కదిపింది.

"సరే, ఇది చెప్పు. నీ సీడ్ ఎంత?"

కంప్యూటర్ వేసే పాచికలకి ముందుగా ఒక అంకె ఇవ్వాలి. అదే సీడ్. అదే అంకె, అదే మొదలు ఇచ్చి ఎన్నిసార్లు నడిపినా చివరి దశాంశం దాకా అదే ఫలితం వస్తుంది. ఏ అంకైనా ఇవ్వచ్చు. ఏదైనా ఇవ్వచ్చు అన్నప్పుడు మనుషులు ఇష్టమైనదే ఇస్తారు.

"తొమ్మిది," అంది చుతిమా. "ఎప్పుడూ తొమ్మిదే. మన మాటల్లో తొమ్మిదీ, ముందడుగూ ఒకేలా పలుకుతాయి కదా, అందుకని."

"2507 ఎవరిది?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. జవాబు నాకు అక్కర్లేదు. బయటివాళ్లకి అది ఉత్త అంకె. మాకది బుద్ధ శకంలో ఒక సంవత్సరం. ఆ ఏడాది పుట్టినాయన అరవయ్యో పుట్టినరోజుకి భిక్షువులకి అన్నం వడ్డించిన చేతులు నావి. ఆయనతో పడనివాళ్లు ఎవరైనా కావాలనే ఆ అంకె వేసి ఉండకూడదా అని ఒక్క నిమిషం వెతుక్కున్నాను కూడా. మనసు ఎంత సిగ్గులేనిదో చూడండి.

"ఏడింటికే ల్యాబ్ తెరిచేది ఎవరు?"

"ఆచానే. భిక్షువులకి అన్నం పెట్టి నేరుగా ఇక్కడికే వస్తారు. అక్టోబర్లో రిటైరయ్యాక ఆయన లాగిన్ తీసేశారు. నాది వాడుకుంటారు. నేనే ఇచ్చాను అక్కా. ఆయన అడిగితే ఎలా కాదంటాను?"

నేను లేచి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫైళ్లన్నీ ఒక్కొక్కటే చూపించమన్నాను. రిపోర్టులు, బొమ్మలు, శబ్దాలు, అన్నీ తుడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి. అడుగున ఒక ఫోల్డర్ పేరు 'పారబోత'.

"ఇదేమిటి?"

"ప్రతి గొలుసులోనూ పారేసే మొదటి ఐదువేలూ ఇందులో పడతాయి. కొత్తగా వచ్చినవాళ్లకి పాఠం చెప్పడానికి ఉంచుతాం. ఇంకెవరూ దీని మొహం చూడరు."

తెరిచాం. రుంగ్ కేసువి రెండు ఉన్నాయి. ఒకటి బుధవారం ఏడూ పన్నెండుది. ఇంకోటి మంగళవారం సాయంత్రం నాలుగూ ఐదుది. సీడ్ అదే. మొదలు పెట్టిన చోటు: దగ్గర.

రెండో గొలుసు నడిచింది. అసలు అదే ముందు నడిచింది. దాన్ని చెరిపేశారు, చెత్తబుట్ట మాత్రం మర్చిపోయారు.

"దీన్ని బట్టి అది 'దగ్గర' అన్న మూలే ఆగిందని చెప్పగలమా?"

"చెప్పలేం. ఇవి మొదటి అడుగులే. కానీ సీడ్ ఉంది కదా," అంటూ కళ్లు తుడుచుకుని కీబోర్డు లాక్కుంది చుతిమా. "మళ్లీ నడిపితే అచ్చంగా అదే వస్తుంది."

పదకొండూ యాభై ఐదు. మొదలుపెట్టింది. ఒంటిగంటా నలభై ఐదుకి అవుతుంది.

పన్నెండూ ఇరవైకి తలుపు తోసుకుని ప్రసిత్ వచ్చాడు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. కెమెరా ఎక్కడుంటే ఆ పక్కకి తిరిగి నిలబడే మనిషి.

"ఏంటి జిన్ అక్కా, భోజనాల వేళ ఇక్కడేం వండుతున్నారు?"

"నీ కేసే తమ్ముడూ. పచ్చిగా ఉంది, ఉడుకుతుందేమో చూస్తున్నా."

"వాడు ఒప్పుకున్నాడు."

"టేపు వినిపించకముందా, వినిపించాకా?"

"ముందో వెనకో, ఒప్పుకున్నాడా లేదా?"

"డీజిల్ బంకు కెమెరా చూశావా?"

"పాడైపోయింది."

"ఎదురుగా ఉన్న నూడుల్స్ కొట్టు కెమెరా?"

ప్రసిత్ నల్లకళ్లద్దాలు తీసి చొక్కాకి తుడిచాడు. చూడలేదన్నమాట.

"అక్కా, రెండు బస్సుల్లో జనం వచ్చారు. ఏడు చానెళ్లు వచ్చాయి. జిల్లా పోలీసు పెద్దాయన స్వయంగా వస్తున్నారు. ఇప్పుడు వెనక్కి తిరగమంటారా?"

"ఆ రెండు బస్సుల జనం చేతుల్లో ఏమున్నాయో చూశావా?"

"హెల్మెట్ పెడుతున్నాంగా."

"మీ నాన్నకైతే హెల్మెట్ చాలంటావా?"

వాడి మొహం ఎర్రబడింది. దగ్గరికొచ్చి వంగి, నా చెవిలో చెప్పినట్టు అన్నాడు. "ల్యాబ్‌కి వెళ్లిన ఉత్తరం ఒకసారి చదువుకోండక్కా. రాసింది నేనే. కానీ కింద సంతకం ఎవరిదో చూసుకోండి. మునిగితే ఇద్దరం మునుగుతాం."

తలుపు దభాలున వేసి వెళ్లిపోయాడు. వాడన్న ఉత్తరం ఫైల్లోనే ఉంది. 'అనుమానితుడు ఉదోమ్. ఆ సమయంలో స్థలంలో అతనొక్కడే ఉన్నట్టు నిర్ధారించగలరు.' కింద నా సంతకం. సోమవారం రెండు మీటింగుల మధ్య, నిలబడి, చదవకుండా పెట్టిన సంతకం. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఒంటిగంటా నలభై ఐదుకి గొలుసు ఆగింది. చుతిమా రెండు ఫలితాలనీ పక్కపక్కన పెట్టింది. రెండు కుప్పలు. దూరం నుంచి బయల్దేరింది దూరంలోనే ఉండిపోయింది. దగ్గర నుంచి బయల్దేరింది దగ్గరే ఉండిపోయింది. లక్ష అడుగుల్లో ఒక్కసారి కూడా ఇది అటు దాటలేదు, అది ఇటు దాటలేదు. ఆమె రెండు శబ్దాలూ వినిపించింది. రెండింటిలోనూ రుంగ్ గొంతే. రెండూ నిజంలాగే ఉన్నాయి.

"అంటే?"

"అంటే తెలీదు అని అర్థం, అక్కా. ఈ రికార్డింగ్‌కి తెలీదు. అదే రాయాల్సిన రిపోర్టు."

తెలీదు. ఆ ఒక్క మాట రాసి ఉంటే ఉదోమ్ వేలిముద్ర పడేదే కాదు.

ప్రాసిక్యూటర్‌కి ఫోన్ చేశాను. నిపుణుల నివేదిక మీద నా ధ్రువీకరణ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, రెండు కుప్పల బొమ్మనీ, సంతకంతో కాగితాన్నీ రెండూ ఐదుకి పంపాను. అవతల ఆయన బండబూతు ఒకటి తిట్టి, ఎవరిని తిట్టాడో చెప్పకుండా పెట్టేశాడు.

అప్పుడే వచ్చారు ఆచాన్ థవోన్. చేతిలో ఎప్పట్లాగే కాల్చిన కోడీ, జిగురన్నం పొట్లం.

"జిన్! కింద నీ కారు చూశాను. తిన్నావా లేదా? ఇదిగో, కారం ఎక్కువ వేయించా నీకని..." అంటూనే తెర వైపు చూశారు. పొట్లం బల్ల మీద పెట్టి, మెల్లగా కూర్చున్నారు. చుతిమా లేచి గోడకి ఆనుకుని నిలబడింది.

"పారబోత తుడవలేదు కదూ నేను," అన్నారు.

"అంతేనా మీరనేది? తుడవలేదనా?"

"ఏమనమంటావు?"

"ఎవరు ఆచాన్ ఆ ఫైబున్? చుట్టమా? మీ శిష్యుడా? ఏం చెప్పి లొంగదీసుకున్నాడు మిమ్మల్ని?"

"ఆయనెవరో నాకు తెలీదు. ఎప్పుడూ చూడలేదు."

ఆయనకి కోపం వచ్చి ఉంటే బాగుండేది. ఆయన నిజమే చెప్తున్నారు, అదే నన్ను భయపెట్టింది.

"మరి ఎందుకు?"

"నువ్వే ఆలోచించు. లాయరు నిన్ను నిలబెట్టి, 'నూటికి అరవై పాళ్లు ఇతనే అంటే, మిగతా నలభై పాళ్ల మనిషిని ఎక్కడ పెట్టమంటారు మేడమ్' అని కోర్టంతా నవ్వించిన రోజు గుర్తుందా? బయటికొచ్చి నా దగ్గర ఏడ్చావు. 'ఆచాన్, వాళ్లకి కుప్పలొద్దు, నాకు ఒక్క మాట ఇవ్వండి' అన్నావు."

"ఒక్క మాట ఇమ్మన్నాను. తప్పుడు మాట ఇమ్మన్నానా?"

"రెండు కుప్పలు వచ్చినప్పుడు ఏది ఎంచుకోవాలి? మంగళవారం దగ్గర అని వచ్చింది. నీ ఉత్తరంలో ఉదోమ్ అని ఉంది. జిన్ ఊరికే సంతకం పెట్టదు, ఊరంతా తిరిగి, పదిమందిని అడిగి ఉంటుంది అనుకున్నాను. నీకు నా మీద ఎంత నమ్మకమో, నాకూ నీ మీద అంతే. నీ నమ్మకం నుంచే మొదలుపెట్టాను."

"నేను మిమ్మల్ని నమ్మి సంతకం పెడతాను, మీరు నన్ను నమ్మి లెక్క వేస్తారు. మధ్యలో ఉదోమ్ చావాలి. అంతేగా?"

ఆయన తెర మీంచి చూపు తిప్పుకున్నారు.

"పోనీ నా మీద నమ్మకంతోనే చేశారు. ఈ పిల్ల పేరెందుకు వాడారు? రేపు తేడా వస్తే జైలుకి పోయేది ఎవరు? దానికి ఆరేళ్ల కూతురుంది ఆచాన్!"

"నాకు లాగిన్ లేదు..."

"సంతకానికి కూడా చెయ్యి లేదా?"

ఆయన వచ్చాక చుతిమా మొదటిసారి గొంతు విప్పింది. "నేను మిమ్మల్ని నాన్నలా చూశాను, ఆచాన్," అంది. ఆయన ఆ పిల్ల వైపు తల ఎత్తలేకపోయారు.

రెండూ నలభైకి ఫోన్ మోగింది. ప్రసిత్.

"వ్యాను వెనక్కి తిప్పాం. పెద్దాయన చానెళ్ల ముందు నన్ను కుక్కని తిట్టినట్టు తిట్టారు. మీ కడుపు చల్లబడిందా అక్కా?"

"ఉదోమ్ ఎక్కడున్నాడు?"

"వ్యాన్లోనే. ఒక రాయి అద్దానికి తగిలింది. వాడికేం కాలేదు. హెల్మెట్ తియ్యమంటే తియ్యడు, పట్టుకుని కూర్చున్నాడు." గొంతు తగ్గించాడు. "నూడుల్స్ కొట్టుకి మనిషిని పంపాను. కెమెరాలో ఉదోమ్ రెండూ పదిహేడుకి అక్కడ డీజిల్ డబ్బా పక్కన పెట్టుకుని తింటున్నాడు. ఫైబున్ ఆఫీసుకి కూడా మనిషిని పంపుతున్నా. మీరు చెప్పారని కాదు."

"నేను చెప్పానని ఎవరికీ చెప్పన్లే," అని పెట్టేశాను.

ఉదోమ్ బతికాడు. కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న ఆ ముసలాయన చేతుల వైపు చూశాను. శుభ్రమైన చేతులు, నిలకడగా ఒళ్లో ఉన్నాయి. ఆ చేతులతోనే ఒక ఫైలు తుడిచి, ఇంటికెళ్లి నిద్రపోయారు.

"ఒక్క మాట చెప్పండి ఆచాన్. అది చెరిపేటప్పుడు మీ చెయ్యి కొంచెమైనా వణకలేదా?"

"మొదటిసారి వణికింది, జిన్."

చుతిమా గోడ దగ్గరనుంచి ఒక అడుగు ముందుకి వేసింది.

"మొదటిసారి అంటే?" అన్నాను. "ఇది ఎన్నోది?"

ఆయన పొట్లం మీది దారాన్ని సవరిస్తూ కూర్చున్నారు.

"ఎన్నోది అని అడుగుతున్నా!"

"ఏడోది. రెండు కుప్పలు వచ్చినవి ఏడే. మిగతావన్నీ సరైనవే, ఒట్టు."

"ఏడింటికీ కోర్టులో ప్రమాణం చేసింది..."

"నువ్వే. ఇది తప్ప."

"మొదటిది ఎవరిది?"

"ఖమ్‌సింగ్."

ఎనిమిదేళ్ల కిందటి కేసు. గోతాలు మోసేవాడు, పెళ్లాం బిడ్డలు లేరు. జడ్జి శిక్ష చదివాక పోలీసులు రెక్కలు పట్టుకుని తీసుకెళ్తుంటే, నా ముందు ఆగి రెండు చేతులూ జోడించాడు. తిట్టలేదు, శపించలేదు. 'అమ్మా, ఆ యంత్రాన్ని ఇంకొక్కసారి అడిగి చూడండమ్మా' అన్నాడు. యంత్రం అబద్ధం చెప్పదయ్యా అన్నాను. దయగానే అన్నాను అనుకున్నాను అప్పుడు.

పోయిన వానాకాలంలో వాడు జైలు ఆసుపత్రిలో పోయాడు. శవాన్ని అడగడానికి ఎవరూ రాకపోతే, దహనానికి అనుమతి కాగితం మా స్టేషన్‌కే వచ్చింది. దాని మీద సంతకం పెట్టిందీ నేనే.